ఒక తోలు పట్టీ, రెండు సూదులు



మీ ఇంట్లో పాడైపోయిన పాత బెల్టు ఒకటి ఉండే ఉంటుంది. బీరువా తలుపు వెనక మేకుకు వేలాడుతూనో, అటక మీద అట్టపెట్టెలోనో. పారేసే ముందు దాన్ని చెక్కపీట మీద పెట్టి, పదునైన కత్తితో అడ్డంగా తెగ్గోయండి. కోసిన అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పైన గోరంత మందం కూడా లేని పొర ఒకటి కనిపిస్తుంది. అడుగున అలాంటిదే ఇంకొకటి. ఆ రెంటికీ నడుమ అట్టో, తోలు పొడిని జిగురుతో కలిపి వత్తిన రేకో ఉంటుంది. వీటన్నిటినీ కలిపి పట్టుకున్నది చుట్టూ వేసిన మిషన్ కుట్టు, కొంచెం జిగురు. అందుకే ఏడాది తిరిగేసరికి బెజ్జాల దగ్గర పొర లేచిపోతుంది. బకిల్ దగ్గర మడత పగిలి లోపలి అట్ట బయటపడుతుంది.

కొన్నప్పుడు దాని వెనక వైపు 'జెన్యూన్ లెదర్' అని అచ్చు వేసి ఉంది కదా అంటారు. ఆ అచ్చు అబద్ధం కాకపోవచ్చు. తోలు ఎక్కడో ఒక పొరలో ఉండే ఉంటుంది. కానీ అది తోలులో ఏ భాగం, ఎంత మందం, మధ్యలో ఏం నింపారు అనే సంగతులు ఆ రెండు మాటలు చెప్పవు.

బెల్టుకు అసలు ఇన్ని పొరలు అక్కర్లేదు. 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి తోలు పట్టీ ఒకటి, ఇత్తడి బకిల్ ఒకటి, మైనం పట్టించిన దారం కొంచెం ఉంటే చాలు. తోలు పని నేర్చుకోవాలనుకునేవాళ్ళను నేను బెల్టుతోనే మొదలుపెట్టమంటాను. సంచికైతే కొలతలు, మూలలు, అస్తరు, జిప్పులు అని సవాలక్ష ఉంటాయి. చెప్పుకైతే పాదం ఆకారం తెలియాలి. బెల్టులో ఉన్నది ఒక నిలువు కోత, ఒక మడత, చిటికెడు కుట్టు. ఆ మూడూ సరిగ్గా కుదిరితే ఇల్లు దాటకుండా, మిషన్ ముట్టకుండా, బజారులో దొరికేదానికంటే గట్టి వస్తువు తయారవుతుంది. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మి చెబుతున్న మాట.

ముందు తోలు సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే బెల్టు మంచి చెడ్డలు సగానికి పైగా తోలు కొన్న రోజే తేలిపోతాయి.

పచ్చి చర్మంలో కొలాజెన్ అనే మాంసకృత్తు సన్నటి పోగులుగా అల్లుకుని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది, ఎండబెడితే చెక్కబారిపోతుంది. కుళ్ళకుండా, బిరుసెక్కకుండా చేసే పనినే తోలు ఊనడం అంటాం. మన ఊళ్ళలో ఆ పని తంగేడు చెక్కతో, కరక్కాయతో, తుమ్మ చెక్కతో జరిగేది. కరక్కాయ కొరికినప్పుడు నోరంతా బిగుసుకున్నట్టు వగరుగా అనిపిస్తుందే, ఆ వగరుకు కారణం టానిన్లు. అవి లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేసుకుంటాయి కాబట్టే నాలుక అలా పీక్కుపోతుంది. చర్మంలోనూ అవి చేసే పని అదే. కొలాజెన్ పోగులను పట్టుకుని, వాటి మధ్య నీటిని బయటికి నెట్టి, సూక్ష్మజీవుల నోటికి చిక్కకుండా చేస్తాయి. పోగులు అలా బిగిసి ఉండటం వల్లనే ఆ తోలు దిట్టంగా, సాగకుండా ఉంటుంది. బెల్టుకు కావలసిన గుణం సరిగ్గా ఇదే.

తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చే ఆ పసుపుపచ్చ పువ్వు పూసే చెట్టు బెరడే తరతరాలుగా మన తోళ్ళను ఊనింది. సున్నం నీళ్ళలో నానబెట్టి వెంట్రుక ఊడదీయడం, లోపలి వైపు కండను రంపె అనే కత్తితో గీకి తీయడం, తర్వాత తంగేడు చెక్క దంచి నానవేసిన లందలో వారాల తరబడి ఊరబెట్టడం, మధ్యమధ్య తిరగెయ్యడం. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, అందులో చెక్క రసం నింపి వేలాడదీసేవారు. రసం తోలులోంచి మెల్లగా చెమర్చి దిగుతూ పోగు పోగునా ఇంకేది.

ఈ పని చేసిన మాదిగవారిని ఊరు తన నడుమ ఉండనివ్వలేదు. నూతిలోంచి నీళ్ళు తోడి చేలను తడిపిన మోట బొక్కెన వాళ్ళు కుట్టిందే. ఎడ్ల మెడపట్టీలు, చెర్నాకోలలు, రైతు కాలికి కిర్రు చెప్పులు, జాతరలో మోగే డప్పు, అన్నీ వాళ్ళ చేతి మీదుగా వచ్చినవే. ఊరి వ్యవసాయం ఆ తోలు మీద నడిచింది, ఊరు మాత్రం ఆ తోలు చేసిన మనిషిని అంటరానివాడని దూరం పెట్టింది. ఇవాళ నగరాల్లో చదువుకున్న కుర్రకారు సరదాకు తోలు పని నేర్చుకుంటున్నారు. మంచిదే. అయితే మనం సరదాగా పట్టుకుంటున్న ఆరె (తోలుకు బెజ్జం పొడిచే పనిముట్టు), రంపె వెనక ఎంత నైపుణ్యం ఉందో, ఆ నైపుణ్యానికి బదులుగా ఎంత అవమానం దక్కిందో తెలిసి పట్టుకోవాలి. అది తెలియకుండా ఈ పని గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఈ విద్యకు శాస్త్ర గౌరవం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మగారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు ఇంట పుట్టారు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి తిరిగొచ్చి, మద్రాసులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థను తన కర్మక్షేత్రం చేసుకున్నారు. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా ఉన్నారు. ప్రయోగశాలలో తేలిన విషయం పల్లెలో లంద దగ్గర నిలబడ్డ మనిషికి అందాలన్నది ఆయన పట్టుదల. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో ఆయన పోయారు. తోలు పని పేరెత్తితే మొహం చిట్లించే రోజుల్లో ఆ రంగాన్నే కోరి ఎంచుకుని, అందులోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి ఆయన.

ఇప్పుడు ప్రపంచంలో తయారవుతున్న తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనింది. లందలో వారాలు పట్టే పని దాంతో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తోలు మెత్తగా ఉంటుంది, నీటికి తట్టుకుంటుంది, రంగులు బాగా పడతాయి. జాకెట్లకు, సంచులకు, బూట్ల పై భాగానికి అది సరే. బెల్టుకు మాత్రం నేను చెట్టు బెరడుతో ఊనిన తోలే తీసుకోమంటాను. క్రోమ్ తోలు లాగుతుంటే సాగుతుంది, అంచు రుద్దితే నునుపెక్కదు. బెరడు తోలు నిలువునా నిలబడుతుంది, వాడేకొద్దీ నిగారింపు వస్తుంది.

రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? అంచు చూడండి. బెరడు తోలైతే పై నుంచి కింద దాకా గోధుమ రంగు ఒకే తీరుగా ఉంటుంది. క్రోమ్ తోలుకు నడిమధ్యన నీలం కలిసిన బూడిద రంగు చార చాలాసార్లు కనిపిస్తుంది. రంగు వేయని ముక్కైతే ఒక నీటి చుక్క పెట్టి చూడండి. బెరడు తోలు ఆ చుక్కను తాగేస్తుంది, అక్కడ ముదురు మచ్చ పడుతుంది. తర్వాత తోలు పై వైపు లోపలికి వచ్చేలా వంచి చూడండి. సన్నటి ముడతలు దగ్గర దగ్గరగా పడితే పోగులు బిగుతుగా ఉన్నట్టు. పై పొర ఉబ్బి, వదులుగా పెద్ద ముడతలు పడితే ఆ ముక్క వద్దు.

ఒకే చర్మంలోనూ అన్ని చోట్లా ఒకటే గుణం ఉండదు. వెన్నెముక వెంబడి, నడుము నుంచి పిరుదుల దాకా ఉన్న భాగం అన్నిటికంటే గట్టిది. పొట్ట వైపు తోలు వదులు, సాగుతుంది, మందం కూడా ఒక్క తీరున ఉండదు. కాబట్టి బెల్టు పట్టీ ఎప్పుడూ వెన్నెముకకు సమాంతరంగా, దానికి దగ్గరగా రావాలి. చర్మానికి అడ్డంగా కోసిన పట్టీ నాలుగు నెలల్లో ఒక బెజ్జం మేర సాగినా ఆశ్చర్యం లేదు. మన దగ్గర బెల్టుకు సరిపడా మందం ఎక్కువగా గేదె తోలులో దొరుకుతుంది. చెన్నైలో పెరియమేట్ తోలు బజారుకు పేరు. బెరడుతో ఊనే పని తమిళనాడులో తిరుచ్చి, ఈరోడ్, దిండిగల్ వైపు ఇంకా నిలిచి ఉంది. చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. మొత్తం సగం చర్మం కొనలేకపోతే, వెన్ను భాగంలో 48 అంగుళాల పొడవు వచ్చే ముక్క కావాలని అడగండి.

ఇక కొలత. ఇక్కడ చాలామంది ప్యాంటు సైజు చూసి కోసేస్తారు. అది పనికిరాదు. ప్యాంటు మీద 34 అని ఉన్నా, ప్యాంటు పైన, లూపుల్లోంచి తిరిగే బెల్టుకు అంతకంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ కావాలి. ఇప్పుడు వాడుతున్న బెల్టును బల్ల మీద చాచి పరిచి, బకిల్ దగ్గర తోలు మడత పడిన చోటు నుంచి మీరు రోజూ పెట్టుకునే బెజ్జం దాకా టేపుతో కొలవండి. అది 36 అంగుళాలు వచ్చిందనుకుందాం. కొత్త బెల్టుకు అదే నడిమి బెజ్జం. దానికి అటు రెండు, ఇటు రెండు, అంగుళానికొకటి చొప్పున మొత్తం అయిదు బెజ్జాలు. నడిమి బెజ్జం నుంచి కొస దాకా 7 అంగుళాలు, బకిల్ దగ్గర వెనక్కి మడవడానికి 3 అంగుళాలు. వెరసి 46. వెడల్పు జీన్స్ లూపులకైతే 38 మిల్లీమీటర్లు, మామూలు ప్యాంటుకు 32 లేదా 35. బకిల్ ముందు కొనుక్కుని, దాని లోపలి వెడల్పును బట్టి పట్టీ కోయాలి. కోసిన పట్టీకి తగ్గ బకిల్ కోసం తర్వాత ఊరంతా తిరగనక్కర్లేదు.

కోతకు గట్టి ప్లైవుడ్ చెక్కో, మందపాటి రబ్బరు షీటో అడుగున వేసుకోండి. మీటరున్నర స్టీలు బద్ద ఉంటే అన్నిటికన్నా మేలు. గీతకు పెన్ను వాడొద్దు, సిరా తోలులోకి ఇంకిపోతుంది. ఆరె మొనతో సన్నగా గీస్తే చాలు. బద్దను ఎప్పుడూ బెల్టు అయ్యే భాగం మీదే ఉంచాలి. కత్తి జారినా వృథా తోలు వైపు పోతుంది, పట్టీకి గాయం కాదు. వేళ్ళు బద్ద అంచు దాటి ముందుకు రాకూడదు. కత్తిని మీ వైపు లాగేటప్పుడు అది ఒంటికి ఎదురుగా కాక పక్కగా వచ్చేట్టు నిలబడండి.

ఒక్క లాగుడుకే తెగాలని బలం పెట్టకండి. మొదటి లాగుడు పై పొరను గీస్తుంది, రెండోది సగం దిగుతుంది, మూడోది తెంపుతుంది. కత్తి నిటారుగా ఉండాలి, వాలిందంటే అంచు ఏటవాలుగా వస్తుంది. పదునైన కత్తి మంచి తోలులో దిగుతున్నప్పుడు సన్నటి చప్పుడు ఒకటి ఎక్కడా తెగకుండా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగి ఆగి, గీరుకుంటున్నట్టు వస్తే కత్తి మొండిదైందని అర్థం. అక్కడే ఆపి బ్లేడు మార్చండి, లేదా సానపట్టండి. చెవితో చేసే ఈ పరీక్ష కంటితో చేసేదానికంటే ముందే హెచ్చరిస్తుంది.

తడి తోలు మీద ఇనుము పెట్టకూడదన్న సంగతి ఇక్కడే చెప్పాలి. పట్టీని మడవడానికి నీళ్ళతో తడిపి, పొరపాటున దాని మీద ఇనప బద్దో, మేకో వదిలేస్తే, కాసేపట్లో అక్కడ నీలం కలిసిన నల్లటి మచ్చ పడుతుంది. కడిగితే పోదు. తోలులోని టానిన్ ఇనుముతో కలిసి నలుపు రంగైపోయింది. మన కలంకారీ నలుపు పుట్టేది ఇలాగే. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంతో దాని మీద గీత గీస్తే కరక్కాయ టానిన్, ఇనుము కలిసి నల్లగా తేలుతుంది. ఒకప్పుడు రాతకు వాడిన కరక్కాయ, అన్నభేది సిరాదీ ఇదే రసాయనం. ఈ సంగతి తెలిస్తే మచ్చ పడకుండా చూసుకోవడమే కాదు, కావాలనుకుంటే బెల్టు మొత్తానికి నల్ల రంగు మీరే వేసుకోవచ్చు. వెనిగర్‌లో ఇనప పీచు నాలుగైదు రోజులు నానబెట్టి, వడగట్టి, బట్టతో పట్టీకి పట్టిస్తే కళ్ళ ముందే గోధుమ రంగు నల్లబడుతుంది. తర్వాత తినే సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరాక నూనె పట్టించాలి. పైన పూసిన రంగైతే చొక్కాకు అంటుతుంది. ఇది తోలులోనే పుట్టిన రంగు కాబట్టి అంత తేలిగ్గా అంటదు. నానబెట్టే సీసా మూత మాత్రం బిగించొద్దు, లోపల వాయువు పుడుతుంది.

అంచుల పని త్వరగా చెప్పేస్తాను. నాలుగు అంచుల పదునూ సన్నగా చెక్కేసి, గరుకు కాగితంతో రుద్ది, కొంచెం తడి చేసి, ముతక కాన్వాసు గుడ్డతో గానీ నున్నటి కర్రతో గానీ వేడి పుట్టేదాకా తోమండి. పోగులు ఒకదానికొకటి అతుక్కుని గాజులా మెరుస్తాయి. బెజ్జాలు పంచ్‌తోనే కొట్టాలి, మేకుతో పొడవకూడదు. మేకు పోగులను పక్కకు తోసి చీలుస్తుంది, పంచ్ అయితే గుండ్రటి ముక్కను తీసేస్తుంది. బకిల్ ముల్లు కోసం మడత చోట 25 మిల్లీమీటర్ల పొడవున సన్నటి గాడి కావాలి. రెండు చివర్లా రెండు బెజ్జాలు కొట్టి మధ్య తోలు కోసేస్తే గాడి తయారు. మడతపడే భాగంలో లోపలి వైపు నుంచి సగం మందం చెక్కెయ్యాలి. లేకపోతే బకిల్ దగ్గర రెండు పొరలూ కలిసి గడ్డలా ఉబ్బుతాయి. చెక్కాక తడిపి, మడిచి, రాత్రంతా బరువు పెట్టండి.

కుట్టు దగ్గరికి వచ్చాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, కాస్త నింపాదిగా చెప్తాను.

మిషన్ కుట్టులో రెండు దారాలుంటాయి. ఒకటి పైనే ఉంటుంది, ఒకటి కిందే ఉంటుంది. తోలు మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుని పైది పైకి, కిందది కిందికి తిరిగిపోతాయి. కింది దారం ఎక్కడైనా అరిగి తెగిందంటే పై దారానికి పట్టు పోతుంది, కుట్టు కుట్టుగా వదులుతూ వస్తుంది. చేతితో వేసే జీను కుట్టు అలా కాదు. దారం ఒకటే, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి బెజ్జంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరి అవతలికి పోతాయి. అంటే ఆ దారంలో ప్రతి సగమూ ఒక కుట్టు ముందు వైపు, ఒక కుట్టు వెనక వైపు పడుతూ తోలు మొత్తాన్ని దాటుకుంటూ సాగుతుంది. ఒక సగం ఒకచోట తెగినా రెండో సగం అన్ని బెజ్జాల్లోంచీ పోతూనే ఉంటుంది, పట్టీ విడిపోదు. గుర్రం మీద మనిషి ప్రాణం జీను పట్టీల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టే జీనులు కుట్టేవాళ్ళు ఈ కుట్టును నమ్ముకున్నారు. కాన్పూరు జీనులకు, ఇంగ్లండులో వాల్‌సాల్ పట్టణం జీనులకు పేరు. వాల్‌సాల్ ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ జీనులవాళ్ళు అనే పిలుస్తారు. ఇవాళ లక్షల ఖరీదు సంచులు అమ్మే పారిస్ ఎర్మెస్ సంస్థ 1837లో గుర్రపు పట్టీల దుకాణంగా మొదలైంది. ఆ సంచులకూ వాళ్ళు ఈ కుట్టే వేస్తున్నారు.

మన వీధి చివర చెప్పులు కుట్టే ఆయన ఆరెను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని మొన దగ్గర చిన్న కొక్కెం కోసి ఉంటుంది. పై నుంచి పొడిచి, కింద ఎడమ చేత్తో దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. పైకొచ్చిన దారపు మెలికలోంచి రెండో కొస దూర్చి బిగిస్తారు. సూది లేదు, తొందరగా అవుతుంది, అవతలి వైపు చెయ్యి సరిగ్గా ఆడని బూటు లోపలికి కూడా ఇలా కుట్టొచ్చు. ఆ వేగం చూస్తుంటే ముచ్చటేస్తుంది. బెల్టు మడతకు మాత్రం రెండు వైపులా చేయి ఆడుతుంది కాబట్టి రెండు సూదుల పద్ధతే ఎంచుకుంటాను.

సూదులు మొద్దు మొన ఉన్నవి కావాలి. బెజ్జం చేసేది ఆరె, సూది దారాన్ని దాటించడానికే. పదును మొన సూదైతే అవతలి దారాన్ని పొడుస్తుంది. దారం 0.8 నుంచి 1 మిల్లీమీటరు మందం ఉన్న నారదారం గానీ పాలియెస్టర్ గానీ తీసుకుని తేనె మైనం ముద్ద మీదుగా రెండు మూడుసార్లు లాగండి. మైనం దారాన్ని బెజ్జంలో జారకుండా పట్టి ఉంచుతుంది, తడి నుంచి కాపాడుతుంది. పొడవు ఎంత? కుట్టు పొడవుకు నాలుగు రెట్లు, పైన సూదులకు, చేతి పట్టుకు ఇంకో మూడు జానలు.

బెజ్జాలు 4 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, అంచుకు 4 మిల్లీమీటర్లు లోపలగా గుర్తు పెట్టుకోండి. పట్టీని రెండు చెక్కల మధ్య బిగించి, ఆ చెక్కలను తొడల మధ్య పట్టుకుని కూర్చుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆరెను తోలుకు నిటారుగా దించాలి. రెండు పొరలు కలిసి మందంగానే ఉంటాయి, మొన కొంచెం వాలినా వెనక వైపు బెజ్జాలు వంకరటింకరగా తేలతాయి. మొదటి బెజ్జంలోంచి దారం లాగి, రెండు కొసలూ సమంగా చూసుకోండి. రెండో బెజ్జంలోకి ఎడమ సూది ముందు. అది కుడి వైపుకు వచ్చాక, దాని దారాన్ని కొంచెం వెనక్కి లాగి పట్టుకుని, అదే బెజ్జంలో కుడి సూదిని పంపండి. అలా లాగి పట్టుకుంటే సూది దారాన్ని గుచ్చదు. రెండు కొసలనూ రెండు చేతులతో ఒకేసారి, ఒకే బలంతో చాచి లాగండి. దారం తోలు మీద ఒద్దికగా కూర్చోవాలి, తోలును కోసుకుని లోపలికి దిగకూడదు. ఏ సూది ముందు అన్నది చివరిదాకా మార్చొద్దు. కుట్లన్నీ ఒకే ఏటవాలుగా వరసగా పడటానికి కారణం అదే. చివర రెండు కుట్లు వెనక్కి వేసి, దారం తోలుకు ఆనించి కోసేస్తే ముడి అవసరం లేదు.

మొదటి పది కుట్లూ నత్తనడకే. తర్వాత చేతులకు లయ దొరుకుతుంది. ఆరె దిగే చప్పుడు, మైనం దారం బెజ్జంలోంచి బుర్రుమని దూసుకుపోయే చప్పుడు, చేతులు చాచడం. మనసు వేరే ఎటూ పోదు. ఈ పని చేసేవాళ్ళు గంటల కొద్దీ కూర్చోగలగడానికి కారణం ఓర్పు ఒక్కటే కాదు, ఈ లయ కూడా.

కుట్టు ఎక్కడెక్కడ వేయాలి? బకిల్ మడతకు, బెల్టు కొసను పట్టుకునే చిన్న లూపుకు అటూ ఇటూ. అంతే. ఒకే పొర పట్టీకి చుట్టూ 90 అంగుళాల కుట్టు వేయడం అందం కోసమే తప్ప బలం కోసం కాదు. పైగా ప్రతి బెజ్జమూ తోలులో ఒక గాయమే. బరువు పడే చోట పది కుట్లు పక్కాగా ఉంటే చాలు. లూపు కొలతకు లెక్కలు వేయకండి. మడిచిన రెండు పొరల చుట్టూ సన్నటి తోలు ముక్కను తిప్పి, కొస దూరేంత సందు వదిలి, అక్కడే కోసుకోండి.

కుట్టడం అయ్యాక నూనె. పూర్వం ఊళ్ళలో చెప్పులకు ఆముదం పట్టించేవారు. బెల్టుకు చెంచాడు ఆముదం గోరువెచ్చగా చేసి, పల్చగా, రెండు వైపులా రుద్ది, మర్నాడు పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది. కోస్తా ఊళ్ళలో వానాకాలం బూజు పడుతుంది, దానికి భయపడనక్కర్లేదు. తుడిచి, గాలి తగిలే నీడలో వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టకండి. తడిసిన బెల్టును ఎండలోనూ, ఇస్త్రీ పెట్టె కిందా ఆరబెట్టకండి, తోలు చిట్లుతుంది.

పనిముట్లన్నీ ఒకేసారి కొనాలనీ లేదు. కత్తి, బద్ద, రెండు సూదులు, ఒక ఆరె, ఇవి మీవి. పంచ్ లేదనుకోండి, పట్టీ పట్టుకుని వీధి చివర ఉన్న ఆయన దగ్గరికి వెళ్ళండి. బెజ్జాలు కొట్టించుకుని, ఆయన అడిగినంత డబ్బు బేరమాడకుండా ఇచ్చి, మీరు వేసిన కుట్టు చూపించి ఎలా ఉందో అడగండి. ఏ కుట్టు వదులుగా ఉందో, ఎక్కడ ఆరె వాలిందో ఆయన బొటనవేలితో ఒక్కసారి తడిమి చెప్పేస్తారు. రెండో బెల్టు కోసే ముందు అది తెలిసి ఉండటం మంచిది.